మూడుసార్లు చనిపోయిన మొదటి రోగి

తూములపాడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఆ ఏడు ఆగస్టులో ఒకే జీపులో రెండు వచ్చాయి. ఒకటి, రెండువందల ఫ్లూ టీకాలున్న చల్లపెట్టె. రెండోది, ఆ టీకాలు ఎవరికీ వేయరాదనే ఉత్తర్వు.

స్టాఫ్ నర్సు సువార్త ముందు పెట్టె తెరిచి సంబరపడింది. ఆ తర్వాత కవరు తెరిచింది. వరస మార్చి తెరిచి ఉంటే అంత సంబరం దండగయ్యేది కాదు.

"రాబోవు మహమ్మారిని దీటుగా ఎదుర్కొనుటకై ప్రతి కేంద్రమునందును టీకాల నిల్వ అనుక్షణము నూరుశాతము సంసిద్ధముగా ఉండవలెను. నిల్వ ఏ కారణముచేతనైనను తగ్గినచో సదరు కేంద్రము యొక్క సంసిద్ధత ఆ మేరకు తగ్గినట్లు పరిగణింపబడును. బాధ్యులపై తగు చర్య గైకొనబడును."

కింద జిల్లా మహమ్మారి సంసిద్ధతా సమన్వయాధికారి చక్రపాణి గారి సంతకం. ఆ సంతకంలో అక్షరాలు కూడా చేతులు కట్టుకుని నిలబడ్డట్టే ఉన్నాయి.

కంప్యూటర్ ఆపరేటరు ప్రభుదాసు మిగతాది వివరించాడు. జరిగింది జరిగినట్టు కంప్యూటర్‌లోకి ఎక్కించడం తప్ప వేరే పాపం ఎరగని మనిషి. నలభై ఏళ్లు దాటినా ఒక్క అంకె కూడా అటూ ఇటూ చేసి ఎరగడు.

"రెండువందలుంటే మన కేంద్రం ఆకుపచ్చగా ఉంటది సిస్టర్. నూటతొంభైతొమ్మిదైతే పసుపు. నూటతొంభైకి ఎరుపు."

"ఎరుపైతే ఏమవుద్ది?"

"ఎరుపైతే సారుకి ఫోనొస్తది. సారుకి ఫోనొస్తే మనకి జీపొస్తది."

డాక్టరు పోస్టు రెండేళ్లుగా ఖాళీ. పక్క మండలం డాక్టరు గారు మంగళవారం మంగళవారం వచ్చి, చూడాల్సిన రోగుల్ని చూసి, పెట్టాల్సిన సంతకాలు పెట్టి వెళ్తారు. మిగతా ఆరు రోజులూ ఊరి దగ్గూ రొంపా, పురుడూ పుండూ సువార్త చేతుల మీదే నడుస్తాయి. ఆమెకు రంగులతో పేచీ లేదు. ఆమె పేచీ అంతా చలికాలంతోనే.

కిందటి చలికాలంలో ఫ్లూ ఊరి మీద పడి ముగ్గురు ముసలివాళ్లను తీసుకుపోయింది. నాలుగోవాడు హార్మోనిస్టు వీరబ్రహ్మం చివరి మెట్టు దాకా వెళ్లి వెనక్కి వచ్చాడు. ఉబ్బసం మనిషి. జిల్లా ఆసుపత్రికి ఆటోలో తీసుకెళ్తుంటే దారి పొడుగునా సువార్త ఆయన్ను ఒళ్లో పడుకోబెట్టుకుని కూర్చుంది. ఆయన ఊపిరి ఆగినప్పుడల్లా తనదీ ఆగింది. తొమ్మిది రోజులు ఆక్సిజన్ మీద ఉండి బయటపడ్డ రోజున ఆమె మాట ఇచ్చింది. "వచ్చే చలికాలానికి ముందే నీకు సూది వేస్తా బాబాయ్. పూచీ నాది."

ఆ పూచీని గుర్తు చేయడానికి వీరబ్రహ్మం చల్లపెట్టె దిగిన మర్నాడే వచ్చాడు.

"మందొచ్చిందంటగా తల్లీ?"

"వచ్చింది బాబాయ్."

"మరి కుడి చెయ్యా, ఎడమ చెయ్యా? కుడి చెయ్యైతే రెండ్రోజులు వాయించలేను, ముందే చెప్పు."

సువార్త ఉత్తర్వు చదివి వినిపించింది. వీరబ్రహ్మం శ్రద్ధగా విన్నాడు. ఆయనకు గ్రాంథికం అంటే మహా ఇష్టం.

"భాష బాగుంది," అన్నాడు. "అర్థమే నా తిత్తికి అందట్లేదు. హార్మోనియం తిత్తికి చిల్లు పడితే తోలుముక్క అతికిస్తా. నా తిత్తికి పడితే ఏం అతికిస్తావు, ఈ కాగితమా?"

ఆ మాట ఆమెకు సూదికన్నా లోతుగా దిగింది. వెంటనే చక్రపాణి గారికి ఫోన్ చేసింది.

"సార్, అరవై దాటినవాళ్లు, ఉబ్బసం వాళ్లు, గర్భిణులు కలిపి సరిగ్గా రెండువందల మంది ఉన్నారు సార్ మా ఊళ్లో. చలి ముదరకముందే వేసేస్తాను."

"వేస్తే ఏమవుతుందమ్మా?" అన్నారాయన ఓపిగ్గా.

"జబ్బు ముదరదు సార్."

"అది కాదు. నిల్వ ఏమవుతుంది?"

"అయిపోతుంది."

"చూశావా! రేపు మహమ్మారి వచ్చి తలుపు తడితే మనం ఏ మొహంతో తీస్తాం? వట్టి ఫ్రిజ్జుతోనా?"

"అయితే మహమ్మారి వచ్చాక వేయొచ్చా సార్?"

 ఈసారి ఆయన గొంతులో నిజమైన ఆవేదన వినపడింది. "నీకు పదిహేనేళ్ల సర్వీసు ఉందమ్మా. నువ్వే ఇలా మాట్లాడితే ఎలా? మహమ్మారి సమయంలో నిల్వ తగ్గించుకుంటామా ఎవరైనా? అప్పుడే గదా సంసిద్ధత ఎక్కువ కావాల్సింది!"

"సార్, వీటికి నవంబరు ముప్ఫైకి గడువు తీరిపోతుంది."

"తీరనీ. ఆ రోజు దాకా సంసిద్ధంగానే ఉన్నాం గదా. ఆ మర్నాడు నిబంధనల ప్రకారం గోతిలో పూడ్చి, ఫోటో పెట్టి, కొత్త నిల్వ కోరతాం. సంసిద్ధత అనేది నిరంతర ప్రక్రియ."

సువార్త ఫోన్ పెట్టేసి ఫ్రిజ్జు వంక చూసింది. అది గుర్రుమంటూ, ఊళ్లో అందరికన్నా ఆరోగ్యంగా ఉంది.

సెప్టెంబరు గడిచింది. అక్టోబరులో పొగాకు నాట్లు వేసే రోజుల్లో పొద్దున్నే మంచు మొదలైంది. వీరబ్రహ్మం రోజూ సాయంత్రం ఆసుపత్రి ముందునుంచి నడుస్తూ, తలుపు దగ్గర ఆగి, ఒకసారి దగ్గి వెళ్లేవాడు. గుర్తు చేయడానికి కావాలని దగ్గుతున్నాడో, నిజంగానే దగ్గు వస్తోందో చెప్పేవాడు కాదు. ఏది నిజమైనా సువార్తకు ఆ పూట అన్నం సయించేది కాదు.

నవంబరు మొదటి వారంలో రెండో ఉత్తర్వు వచ్చింది. ఇది ఇరవై రెండు పేజీలు.

"నవంబరు పన్నెండవ తేదీన తూములపాడు గ్రామమునందు కల్పిత మహమ్మారి అభ్యాసము నిర్వహింపబడును. ఒక కల్పిత మొదటి రోగి, ఒక కల్పిత మరణము, రెండువందల మంది కల్పిత లబ్ధిదారులు ఉండవలెను. సమస్తమును యథార్థమునకు తీసిపోని సహజత్వముతో అభినయింపబడవలెను. రాష్ట్ర పరిశీలకులు విచ్చేయుదురు."

సువార్త విసుగ్గానే పేజీలు తిప్పింది. మొదటి రోగికి వేయాల్సిన దుప్పటి రంగు, అంబులెన్సు హారన్ ఎన్నిసార్లు మోగాలి, ముఖ్య అతిథికి మాస్కు మీద బొట్టు ఎలా... పదిహేడో పేజీలో పద్నాలుగో నిబంధన దగ్గర ఆమె వేలు ఆగింది. స్ట్రెచర్లూ మాస్కులూ చేతితొడుగులూ నిల్వలోంచి తగ్గిపోతాయేమోనన్న భయంతో ఎవరో మహానుభావుడు రాసినట్టుంది.

"అభ్యాసమునందు వినియోగించిన ఏ వస్తువును వినియోగించినట్లుగా పరిగణింపరాదు."

ఒకసారి చదివింది. వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చి మళ్లీ చదివింది. మూడోసారి ప్రభుదాసు చేత గట్టిగా చదివించింది.

"ప్రభుదాసూ, అభ్యాసంలో రెండువందల టీకాలు వాడామనుకో. కంప్యూటర్‌లో ఎన్ని ఉంటాయి?"

ప్రభుదాసు నొక్కి చూశాడు. "రెండువందలే ఉంటాయి సిస్టర్. ఆకుపచ్చ."

"దేవుడికి స్తోత్రం," అంది సువార్త.

*

తూములపాడుకు ఇంకో సంగతుంది. ఆ ఊళ్లో ఎవరినైనా నటించమని అడగడం, పిల్లిని పాలు తాగమని బతిమాలడం లాంటిది. మూడు తరాలుగా పద్యనాటకాల ఊరు. రైసుమిల్లు పక్క రేకుల షెడ్డులో నాట్యమండలి ఉంది. పంచాయతీ ఎన్నికలకు రాని జనం వేషాల పంపకానికి వస్తారు. ఆసుపత్రిలో పుట్టిన పిల్ల ఏడిస్తే, ముందు శ్రుతిలో ఉందా లేదా అని చూసే తాతలున్నారు.

ఆ షెడ్డులో సువార్త సంగతంతా దాపరికం లేకుండా చెప్పింది. "అధికారులకిది నాటకం. మనకు కాదు. సీసాలో అసలు మందే ఉంటది. ఇష్టమైనవాళ్లే రండి, ఇష్టం లేనివాళ్లు చూసి పోండి. కోడిగుడ్డు పడనివాళ్లు, ఒంట్లో జ్వరమున్నవాళ్లు ముందే నాకు చెప్పాలి. చెయ్యి రెండ్రోజులు నొప్పి పుడతది, కొంచెం ఒళ్లు వెచ్చబడొచ్చు."

"నొప్పి నటించక్కర్లేదన్నమాట," అన్నాడు ఎవరో వెనకనించి.

"నొప్పి లేనట్టు నటించాల్సిన పన్లేదు," అంది సువార్త. "అబ్బా అనాలనిపిస్తే అనండి."

లబ్ధిదారుల జాబితాలో రెండువందల పేర్లు వరసగా చదివింది. అది ఆమె ఆగస్టులో రాసుకున్న జాబితాయే. మంగళవారం డాక్టరు గారు దానిమీద సంతకం చేశారు. ఆయన దేనిమీదైనా చేస్తారు గానీ, ఈసారి పేరు పేరునా చదివి, నలుగురి గురించి ప్రశ్నలు వేసి మరీ చేశారు. చేసి, కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుని, "నేను చదవలేదమ్మా," అని వెళ్లారు.

చిక్కంతా మొదటి రోగి దగ్గర వచ్చింది.

"నేను తప్ప ఎవరు వేస్తారు?" అంటూ బసవపున్నయ్య లేచాడు. యాభై నాలుగేళ్ల మనిషి, మోటబావి లాంటి గొంతు. ముప్ఫై ఏళ్లుగా రాజు వేషాలు తప్ప వేయలేదు. "చావు సీనుకు మన జిల్లాలో నన్ను మించినోడు లేడు. ఒంగోలు దాకా పోయి చచ్చొచ్చా."

పాతికేళ్లు ఆయన పక్కన రాణి వేసిన సామ్రాజ్యమ్మ మూతి తిప్పింది. "నువ్వు చావడానికి అరగంట పడతది బావా. ఈలోగా అసలు మహమ్మారి వచ్చి పోతది."

"అరగంట కాదు, పావుగంట. పద్యంతో కలిపి."

"రోగి పద్యం పాడతాడా ఎక్కడన్నా?" అంది సువార్త.

షెడ్డులో అందరూ ఆమె వంక జాలిగా చూశారు. పద్యం లేకుండా చచ్చే మనిషిని ఆ ఊరు ఎరగదు.

చివరికి వేషం ఆయనకే దక్కింది. అయితే సువార్త ఆయన జబ్బను పరీక్షగా చూసి, "నువ్వూ పొగాకు కాల్చే బ్యారన్‌లో పనిచేసిన మనిషివేగదా. వయసు తక్కువని జాబితాలో రాయలేదు గానీ, ఎవరన్నా మానుకుంటే నీకు కూడా ఒక సూది వేస్తా అన్నాయ్," అంది.

బసవపున్నయ్య గాయపడ్డవాడిలా చూశాడు. "ఏందమ్మా అది? టీకా రాకముందే చచ్చిపోయేవాడు మొదటి రోగి. చచ్చినోడు లేచొచ్చి సూది పొడిపించుకుంటే ఔచిత్యం ఏం కాను? వేషం వేషమే."

*

పన్నెండో తేదీ పొద్దున పది గంటలకు హైస్కూలు ఆవరణలో ఊరంతా దిగింది. రాత్రిపూట తప్ప ఆటకు కూర్చోవడం అలవాటు లేని జనం, ఎండలో గొడుగులు వేసుకుని ముందు వరసల కోసం తోసుకున్నారు. ఓ పక్క టీకా టేబుళ్లు, దాటగానే అరగంట కూర్చునే బెంచీలు. ఇంకో పక్క తెర కట్టి మంచం. మంచం పక్కన హార్మోనియం.

"హార్మోనియం ఎందుకు?" అన్నారు జీపు దిగిన చక్రపాణి గారు.

"సహజత్వం కోసం సార్," అంది సువార్త.

ఆయన పక్కనే రాష్ట్ర పరిశీలకురాలు నళినీదేవి గారు. కాటన్ చీర, చేతిలో ట్యాబ్, నవ్వని మొహం. ఆమె ఇచ్చే మార్కుల మీద చక్రపాణి గారి ఉత్తమ సంసిద్ధతా ఫలకం ఆధారపడి ఉంది. ఆ ఫలకం కోసం ఆయన గోడకు మేకు కూడా కొట్టించి వచ్చారని డ్రైవరు ప్రభుదాసు చెవిలో వేశాడు.

అంబులెన్సు హారన్ నిబంధన ప్రకారం ఏడుసార్లు మోగింది. తెర లేచింది. ఎర్ర దుప్పటి కప్పుకుని, మొహానికి బూడిదరంగు పూసుకుని, మొదటి రోగి బసవపున్నయ్య మంచం మీద లేచి కూర్చున్నాడు. దగ్గాడు. ఆ దగ్గుకు వెనక వరసలో చంటిపిల్ల ఉలిక్కిపడింది. వీరబ్రహ్మం శ్రుతి ఇచ్చాడు. బసవపున్నయ్య చెయ్యి ఫ్రిజ్జు ఉన్న దిక్కుకు చాచి ఎత్తుకున్నాడు.

దగ్గు వచ్చె నమ్మ! తల్లడిల్లె నొడలు
ముక్కు కారసాగె మూల్గు లేచె
సూది లేక నేను చూడుడీ చచ్చెద
ఫ్రిడ్జిలోన మందు పెట్టి యుండ!

'ఉండ' దగ్గర రాగం తీశాడు. తీసి, పైకెక్కించి, అక్కడ రెండు మూడు మలుపులు తిప్పి, గొంతు తెగినట్టు ఆపి, మంచం మీద వెనక్కి పడ్డాడు. చెయ్యి ఒకటి కిందికి వేలాడింది.

 ఆవరణ దద్దరిల్లేట్టు చప్పట్లు.

"వన్స్ మోర్!"

చచ్చినవాడు లేచాడు. ముప్ఫై ఏళ్ల వృత్తి ధర్మం అది. వన్స్ మోర్ వినపడ్డాక చచ్చి పడుకోవడం ప్రేక్షకుణ్ణి అవమానించడమే. మళ్లీ దగ్గి, మళ్లీ పాడి, ఈసారి పక్కకు దొర్లి చచ్చాడు.

"ఏమిటిది?" అన్నారు చక్రపాణి గారు. "ఏమిటిది సిస్టర్?"

ఆయన మాట పూర్తి కాకముందే ఆయన పక్కనుంచే గట్టిగా ఓ గొంతు లేచింది.

"వన్స్ మోర్!"

నళినీదేవి గారు కుర్చీలోంచి లేచి నిలబడి ఉన్నారు. మొహం ఎర్రబడింది. ట్యాబ్ కుర్చీలో ఉంది. "మా నాన్నగారు వాయించేవారు," అన్నారు ఎవరూ అడక్కుండానే. "కానీయండి."

బసవపున్నయ్య మూడోసారి, పై శ్రుతిలో, రాజధాని మెచ్చేట్టు చచ్చాడు. సామ్రాజ్యమ్మ ఆగలేక జనంలోంచి పరిగెత్తుకొచ్చి, స్క్రిప్టులో లేని రాణిలా మంచం మీద పడి ఏడ్చింది. ఆ ఏడుపుకు ఒక వన్స్ మోర్ పడబోయింది గానీ, సువార్త ఈలోగా తెర దింపించింది.

తెర దిగింది గానీ చక్రపాణి గారి ఫోను లేచింది. అటునుంచి రాజధానిలోని ప్రధాన కార్యాలయం.

"చక్రపాణీ! ఏం జరుగుతోందక్కడ? ఒక రోగి, మూడు మరణాలు! మరణాల రేటు మూడువందల శాతం! మీ జిల్లా ఎరుపు దాటి నల్లబడింది. ఇక్కడ నలుపు ఉన్నట్టే మాకు తెలీదు!"

చక్రపాణి గారు ప్రభుదాసు వైపు తిరిగారు. ప్రభుదాసు కంప్యూటర్ ముందు మడత నలగని చొక్కాతో కూర్చుని ఉన్నాడు.

"ఏమయ్యా, ఏం ఎక్కించావు?"

"జరిగింది జరిగినట్టే సార్. పది ఇరవైకి ఒకసారి చనిపోయాడు. పది ముప్ఫై ఐదుకి ఒకసారి. పది యాభైకి ఒకసారి. మధ్యలో కోలుకున్నట్టు ఎక్కిద్దామంటే, డిశ్చార్జి కాగితం లేదు."

"ఒక్కటి ఉంచి మిగతావి తీసెయ్!"

"మరణం తీసేసే బటన్ లేదు సార్. ఒకసారి పోయాక పోయినట్టే."

ఫోనులో గొంతు ఇంకా మోగుతూనే ఉంది. ఇప్పటికే పైవాళ్లు సమావేశమయ్యారట. చంపినవాణ్ణే మళ్లీ మళ్లీ చంపే ఈ కొత్తరకం వైరస్‌కు తాత్కాలికంగా తూములపాడు రకం అని పేరు పెట్టారట. "టీకాల నిల్వ ఎంతుంది? అది చెప్పు! ముట్టుకోలేదుగా?"

"రెండువందలు సార్! నూరుశాతం! ఒక్కటి కూడా కదల్లేదు!" అన్నారు చక్రపాణి గారు. అంటూ టీకా టేబుళ్ల వైపు తిరిగారు.

అక్కడ అంతవరకూ ఆయన చూడని నాటకం సాగుతోంది. తెర ముందు మూడు చావులు జరుగుతుండగా, ఆవరణ అవతలి పక్క సువార్త మనుషులైన ఇద్దరు ఏఎన్ఎంలు సూదులు వేస్తూనే ఉన్నారు. ఇప్పుడు సువార్త కూడా వెళ్లి కూర్చుంది. క్యూ చకచకా కదులుతోంది. "అబ్బా," అంటున్నారు. "ఓలమ్మో," అంటున్నారు. బెంచీల మీద జబ్బలు పట్టుకుని కూర్చున్నారు. ఉబ్బసం వల్ల జాబితాకెక్కిన సామ్రాజ్యమ్మ అయితే సూది దిగగానే కళ్లు తిప్పి, చీర కుచ్చెళ్లు సర్దుకుని, కూర్చోవడంలోనే చప్పట్లు కొట్టించుకుంది.

నళినీదేవి గారు క్యూ పొడవునా నడుస్తూ రాసుకుంటున్నారు. "అద్భుతం. ఆ 'అబ్బా'లో ఎంత సహజత్వం! చేతులు కూడా నిజంగా వాచినట్టే ఉన్నాయి. ఎన్నాళ్లు రిహార్సల్ చేశారమ్మా?"

"మూడు నెలల నించీ మేడమ్," అంది సువార్త. అదీ అబద్ధం కాదు.

రెండుంబావు గంటయ్యేసరికి నూటతొంభైతొమ్మిది మంది అయ్యారు. చివరివాడు వీరబ్రహ్మం. పొద్దున్నించీ హార్మోనియం దగ్గరనుంచి లేవలేదు, కాబట్టి ఆఖరయ్యాడు. ఎడమ చెయ్యి చొక్కా మడుచుకుని వచ్చి కూర్చున్నాడు. మూడు చావులకు వాయించి వాయించి గొంతులో పిల్లికూతలు వినిపిస్తున్నాయి. సువార్త ఆఖరి సీసా చేతిలోకి తీసుకుంది.

ఆ చేతిని చక్రపాణి గారు పట్టుకున్నారు.

"సిస్టర్. ఆ డబ్బాలో ఖాళీ సీసాలేమిటి?"

"అభ్యాసం సార్."

"ఇందులో ఉన్నది?"

"మందు సార్."

"ఏ మందు?"

"మీరు పంపిందే."

చక్రపాణి గారి మొహంలో ఆకుపచ్చ, పసుపు, ఎరుపు వరసగా మారి, నలుపు దాకా వెళ్లాయి. గొంతు తగ్గించారు. "నా కొంప ముంచావమ్మా! నూటతొంభైతొమ్మిదీ నిజంగానే వేసేశావా? ఇప్పుడే పైకి రెండువందలని చెప్పాను!"

"రెండువందలే సార్. మీ పద్నాలుగో నిబంధన. అభ్యాసంలో వాడింది వాడినట్టు కాదు. కంప్యూటర్‌లో చూసుకోండి, ఆకుపచ్చగా ఉంది."

"అది మాస్కుల కోసం రాశానమ్మా!"

"ఏ వస్తువైనా అని రాశారు సార్. భాష చాలా బాగుందని బాబాయ్ కూడా అన్నాడు."

"నిజంగానే అన్నా," అన్నాడు వీరబ్రహ్మం పిల్లికూతల మధ్య.

చక్రపాణి గారి వేళ్లు ఆమె మణికట్టు మీద బిగుసుకున్నాయి. "ఒక్కటి. ఈ ఒక్కటైనా ఉండనీ. రేపు ఎవరైనా ఫ్రిజ్జు తెరిస్తే చూపించడానికి ఒక్క సీసా ఉండొద్దా? ఈ ముసలాయనకు ఒక్కడికీ ఖాళీ సూది పొడువు. ఎవరికి తెలుస్తుంది?"

సువార్త వీరబ్రహ్మం వంక చూసింది. ఆయన మడిచిన చొక్కా చెయ్యి మెల్లగా కిందికి లాక్కోబోయాడు. ఎవరినీ ఇబ్బంది పెట్టడం ఇష్టం లేని మనిషి.

"నాకు తెలుస్తుంది సార్," అంది సువార్త. "తొమ్మిది రోజులు ఆక్సిజన్ పెట్టిన తిత్తి అది. నేను పూచీ పడ్డాను."

"నేను ఇప్పుడే ఇది మేడమ్‌కి చెబితే నీ ఉద్యోగం..."

"చెప్పండి సార్. నూటతొంభైతొమ్మిది వాడేశారని చెప్పండి. మీ జిల్లాలో నిల్వ ఒక్కటని చెప్పండి."

 ఆయనకు గోడకు కొట్టించి వచ్చిన మేకు కళ్లముందు మెదిలినట్టుంది. సరిగ్గా అప్పుడే వెనకనించి నళినీదేవి గారి గొంతు.

"ఏమిటి ఆపారు? ఇంకొకరున్నారు గదా. రెండువందల మందీ పూర్తయితేనే అభ్యాసం పూర్తయినట్టు. ఒక్కరు తగ్గినా సున్నా మార్కులే రాయాలి నేను. చక్రపాణి గారూ, నిల్వ ఎంత?"

చుట్టూ బెంచీల మీద రెండువందల జబ్బలకు ఒకటి తక్కువగా జబ్బలు పట్టుకుని ఊరంతా ఆయన నోటివంక చూస్తోంది. ఇంత మంచి సీను ఆ ఊళ్లో చాలా కాలంగా పడలేదు.

"రెండువందలు మేడమ్," అన్నారు చక్రపాణి గారు. "నూరుశాతం."

అని, సువార్త మణికట్టు వదిలి, వీరబ్రహ్మం చొక్కా చెయ్యి తనే పైకి మడిచి, ఫోటోకు తగ్గట్టు పట్టుకున్నారు. సూది దిగింది.

"అబ్బా," అన్నారు చక్రపాణి గారు.

"వన్స్ మోర్," అన్నాడు జనంలోంచి ఎవరో.

*

నవంబరు ముప్ఫై సాయంత్రం గడువు తీరింది. డిసెంబరు ఒకటో తేదీ పొద్దున ఆసుపత్రి వెనక నాలుగడుగుల గొయ్యి తీసి, చక్రపాణి గారి సమక్షంలో రెండువందల సీసాలను సకల లాంఛనాలతో పూడ్చారు. "ఒక్క మోతాదు కూడా వినియోగింపబడకుండా కంటికి రెప్పవలె కాపాడబడిన నిల్వ" అని ఆయన స్వయంగా రాసి సంతకం చేశారు. సీసాలు మామూలుకన్నా తేలిగ్గా ఉన్నాయని గొయ్యి తవ్వినవాడు అనబోతే, సువార్త వాడికి మజ్జిగ ఇచ్చింది. ఫలకం జిల్లాకే వచ్చింది. మేకు వృథా కాలేదు.

జనవరి చివర ఫ్లూ వచ్చింది. చుట్టుపక్కల ఊళ్లలో ఇంటింటా మంచాలు వేయించింది. తూములపాడులో నలుగురైదుగురికి ఒళ్లు వెచ్చబడి, రెండ్రోజుల్లో తగ్గింది. వీరబ్రహ్మం సాయంత్రాలు ఆసుపత్రి ముందునుంచి నడిచి వెళ్తూనే ఉన్నాడు. తలుపు దగ్గర ఆగడం మాత్రం మానేశాడు. దగ్గకుండా ఆగడానికి ఆయనకు సాకు దొరకలేదు.

గట్టిగా పడ్డవాడు ఒక్కడే. మొదటి రోగి.

బసవపున్నయ్యను నలుగురు పట్టుకుని తెచ్చి ఆసుపత్రి మంచం మీద పడుకోబెట్టారు. ఒళ్లు కాలిపోతోంది. మోటబావి గొంతు ఎండిపోయింది. సువార్త అతని పేరు చెప్పగానే ప్రభుదాసు కంప్యూటర్‌లో నొక్కి, తల అడ్డంగా ఊపాడు.

"ఇతనికి మందు ఇవ్వడానికి కంప్యూటర్ ఒప్పుకోవట్లేదు సిస్టర్. మూడుసార్లు చనిపోయి ఉన్నాడు."

"అయితే అభ్యాసం అని రాయి," అంది సువార్త, సెలైన్ ఎక్కిస్తూ.

ప్రభుదాసు జీవితంలో మొదటిసారి జరగనిది జరిగినట్టు రాశాడు. కంప్యూటర్ ఆనందంగా ఒప్పుకుంది. మందులన్నీ వచ్చాయి. వాడినవేవీ వాడినట్టు కాలేదు.

నాలుగో రోజుకు జ్వరం దిగింది. నాట్యమండలి అంతా మంచం చుట్టూ చేరింది. సామ్రాజ్యమ్మ బార్లీ నీళ్లు పడుతోంది. వీరబ్రహ్మం హార్మోనియం కూడా తెచ్చి, శ్రుతి ఇచ్చి చూశాడు. బసవపున్నయ్య నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. ముప్ఫై ఏళ్లలో మొదటిసారి శ్రుతి ఒంటరిగా మోగింది.

అతను సువార్తను దగ్గరికి రమ్మని సైగ చేశాడు. ఆమె వంగింది.

"వచ్చే ఏడు కూడా అభ్యాసం ఉంటదా తల్లీ?"

"ఉంటది అన్నాయ్. కొత్త నిల్వ వచ్చింది. కొత్త ఉత్తర్వూ వచ్చింది."

"పద్నాలుగోది ఉందా?"

"ఉంది. కొట్టేస్తే ఎందుకు కొట్టేశారో రాయాలంట."

బసవపున్నయ్య కళ్లు మూసుకుని, ఊపిరి కూడదీసుకున్నాడు.

"అయితే ఈసారి నాకు రాజు వేషం వద్దు," అన్నాడు. "క్యూలో నిలబడే వేషం ఇప్పించు."